గిన్నె మూత తీసినప్పుడు

ఫ్రిజ్ పైఅర తలుపు తీయగానే ముఖానికి తగిలే చల్లగాలిలో తడిసిన ఇనుము వాసన ఉంటుంది. నాకది అశ్వారావుపేటలోని ఐసు ఫ్యాక్టరీ వాసన. దాంతోపాటే దాని యజమాని ఖాసిం చాచా వచ్చి నిలబడతాడు.

రెండువేల సంవత్సరం దాటిన తొలి ఏళ్ళలో నేనక్కడ మిషన్ల మీటర్లు చూసేవాణ్ణి. లెక్కలు సొంతంగా నేర్చుకున్నవాణ్ణి కాబట్టి చాచాకు నేను ‘లెక్కల సారు’ని. ఆయన వయసులో ఉండగా సైన్యంలో వంటవాడిగా కశ్మీరు వెళ్ళొచ్చాడు. కరెంటు పోయిన మధ్యాహ్నాల్లో, పామాయిల్ తోటల మీంచి వేడిగాలి కొడుతుంటే, ఆకాశం నుంచి రాలే మంచు గురించి చెప్పేవాడు.

“చలి మరీ ముదిరితే మంచు పడదు సారూ. జర మెత్తబడ్డనాడే దూదిలెక్క రాలుతది.”

“పొయ్యి బాగ మండితే అన్నం ఉడకదంటవా ఏంది?” అని ఆయన భార్య, చాచీ, నవ్వేది. “నువ్వాడ గంటె తిప్పినవ్ గాని మంచు చూడలే.”

నా లెక్కా ఆమెదే. చలి పెరిగితే మంచూ పెరగాలి కదా.

ఒకరోజు చాచా ఆ నవ్వుకు బదులు నవ్వలేదు. “నిజంగ చూసిన్నా, కలగన్ననా? నాకే అనుమానమొస్తుంది” అన్నాడు. ఆ గొంతు విని నాకు దిగులేసింది. ఆయన బతుకంతటిలో దూరంగా వెళ్ళి తెచ్చుకున్నది ఆ ఒక్క దృశ్యమే.

ఆ ఎండాకాలమే ఫ్యాక్టరీలో ఐస్‌క్రీమ్ నిల్వచేసే చల్లగది ఖాళీ అయినప్పుడు, నేను తలుపు బిగించి చలి పెంచే మీట చివరిదాకా తిప్పాను. బాగా చల్లబడ్డాక ముగ్గురం లోపలికి వెళ్ళాం. చాచీ బురఖా మీద దుప్పటి కప్పుకుంది. లోపల పొడి చలి, ఒక బల్బు, అంతే.

“ఏదీ నీ కశ్మీరు?” అంది చాచీ.

చాచా ముక్కుతో గాలి పీల్చాడు. “ఆడ గూడ గిట్లనే ఉండేది, మంచు పడని దినాలల్ల. గాలి ఎండిపోయింది సారూ. తడి లేంది ఏం రాలుతది?” అంటూ బయటికి పరుగెత్తాడు. సలసల కాగే నీళ్ళ గిన్నె తెచ్చి మూత తీశాడు. ఆవిరి మబ్బులా లేచి, కప్పు కింది గొట్టాలకు తెల్లగా పట్టుకుంది. ఫ్యాను వేయగానే ఆ తెలుపు విడిపోయి, బల్బు వెలుగులో మెరుస్తూ, తొందరలేకుండా దిగి వచ్చింది.

చాచీ తెల్లటి పలుకులు వాలిన తన నల్లటి బురఖా చెయ్యి ఆయన ముందుకు చాపింది.

“నీళ్ళయిపోతున్నయ్. జల్దీ చూడు, గిదేనా?”

“అవ్” అన్నాడు చాచా.

ఇద్దరూ ఇప్పుడు లేరు. ఏ పనైనా మొండికేసినప్పుడు మీట ఇంకా తిప్పబోయిన నా చెయ్యి ఆగిపోతుంది. అక్కడ లేని తడి ఏమిటని వెతుకుతాను. ఫ్రిజ్‌లో పేరుకున్న తెల్లటి పొర గీకేయమంటుంది మా ఆవిడ. వానాకాలం పోనీ, గాల్లో తడి ఉన్నన్నాళ్ళు ఉండనీ అంటాను.