చెప్పని సరుకుకు వేరే వరుస లేదు

ఆ జలసంధిలో ఓడలు నడిపేవాళ్ళెవరూ ఆవిడను పేరు పెట్టి పిలవరు. రేడియోలో అందరికీ అక్కే. గుట్ట మీది గదిలో కూర్చుని ఇరవై ఆరేళ్ళుగా ఓడలను వరుసలో పంపిస్తోంది. నాలుగు దేశాల చమురూ, తిండిగింజలూ ఆ సన్నటి నీళ్ళలోంచే పోవాలి. మలుపు దగ్గర రెండు పెద్ద ఓడలు పక్కపక్కన పట్టవు. ఎంతటి కెప్టెనైనా ముందు అక్క ప్రశ్నలకు జవాబివ్వాలి: ఏ ఓడ, నీళ్ళలో ఎంత లోతు మునిగింది, సరుకేమిటి? తప్పు చెప్పారో, దుమ్ము దులిపేస్తుంది.

ఆ వారం పొరుగుదేశం ఆ దారిని మూసేస్తానని బెదిరించింది. జవాబుగా మన యుద్ధనౌక బయలుదేరింది. అందులో అణుబాంబులున్నాయని ఊరంతా చెప్పుకున్నారు. వేయడానికి కాదు, అవతలివాడు చెయ్యెత్తే ముందు రెండుసార్లు ఆలోచించుకోవడానికి. పేపర్లో దాని ఫోటో చూసి అక్క కూడా మురిసిపోయింది. "మనదే!" అంటూ ఇంట్లో అందరికీ చూపించింది.

మర్నాడు ఉదయం పదింటికి అదే నౌక రేడియోలో పలికింది.

"లోపలికొస్తున్నాం. దారి ఖాళీ చేయించండి."

అప్పటికే మలుపులో నిండా చమురుతో ఒక ఓడ ఎదురొస్తోంది. అనుకున్న చోట ఆగే బండి కాదది. దానికి దారి చూపిస్తున్న పైలట్ అక్క సొంత తమ్ముడు.

"చమురు ఓడ బయటికొచ్చేదాకా ఆగాలండీ. ఇంతకీ మీ సరుకేమిటి?"

"బాంబులున్నాయనీ చెప్పం, లేవనీ చెప్పం."

"చెప్పని సరుకుకు నా దగ్గర వేరే వరుస లేదు. ఆగండి."

రెండు నిమిషాల్లో పైఅధికారి పరుగెత్తుకొచ్చాడు. ఫోన్‌లో బాగానే అక్షింతలు పడ్డట్టున్నాయి.

"దారివ్వమ్మా! తమ్ముడున్నాడని ఆపావంటారు. ఉద్యోగం ఊడుతుంది."

ఆ మాట అక్కకు చురుక్కుమంది. "వాడున్నా లేకున్నా నా మాట ఇదే సార్. పక్కకు తిప్పితే ఆ ఓడ రాళ్ళెక్కి అడ్డం పడుతుంది. శత్రువు మూస్తానన్న దారిని మనమే మూసి పెట్టినట్టవుతుంది."

అని డ్యూటీ పుస్తకం ముందుకు జరిపింది. ఆ గదిలో వరుస మార్చమన్నవాళ్ళు ఆ మాట స్వహస్తాలతో రాసి సంతకం పెట్టాలి. అధికారి పెన్ను తీశాడు. రాడార్ తెర మీద మలుపును చూశాడు. నుదురు తుడుచుకుని పెన్ను జేబులో పెట్టుకున్నాడు.

"సరే, ఆపెయ్. వాళ్ళకు నేను చెప్పుకుంటాను."

తెర మీద యుద్ధనౌక చుక్క ఇంకా కదులుతూనే ఉంది. అక్క మళ్ళీ మైకు నొక్కింది. "మీరంటే నాకెంతో గర్వమండీ. కానీ ఇక్కడ మాత్రం నా మాట వినాలి."

కాసేపటికి చుక్క ఆగింది.

నలభై నిమిషాల తర్వాత తమ్ముడి గొంతు వినిపించింది. "అక్కా, బయటపడ్డాం. ఇక్కడ యుద్ధనౌక ఆగి ఉందేంటి? నాకోసమా?"

"నీ మొహం! వరుస కోసం," అంది గానీ, మైకు ఆపి కళ్ళు ఒత్తుకుంది. తమ్ముడు దక్కాడు, దారీ దక్కింది. గర్వంగా తలెత్తి మళ్ళీ మైకు నొక్కింది.

"యుద్ధనౌకగారూ, ఇప్పుడు మీ వంతు."

పొరుగుదేశాన్ని వణికించే ఓడలోంచి ఎంతో మర్యాదగా జవాబు వచ్చింది.

"అలాగే అక్కా. ఎంత వేగంతో రమ్మంటారు?"