జిగురమ్మ బల్ల మీది పుస్తకాలు

మా ఊరి గ్రంథాలయంలో చినిగిన పుస్తకాలు కుట్టే ఆవిడను అందరూ జిగురమ్మ అనేవారు. ముప్పై ఏళ్ళుగా వెనకగదిలో అదే బల్ల, అదే సూది. కుట్టి, జిగురు పట్టించి, పైన ఇటుకలు పేర్చి మూడు వారాలు కదలనిచ్చేది కాదు. ఎవరైనా తొందరపెడితే, "పుండు మానకముందే కట్టు పీకుతావా?" అని కసిరేది.

ఆ ఏడు కొత్తగా వచ్చిన అధికారి ఒక కృత్రిమ మేధను తెచ్చిపెట్టాడు. మూడు వారాలుగా ఎవరూ తీసుకెళ్ళని పుస్తకాలను ఏరి తుక్కుకు పంపడం దాని పని. ప్రతి ఆదివారం తనను తానే దిద్దుకుంటుందట.

"ఏం కావాలని దిద్దుకుంటుంది సార్?" అంది జిగురమ్మ.

"దానికేం కావాలమ్మా? లక్ష్యాలూ గిక్ష్యాలూ మనుషులకి. అది ఊరికే మెరుగవుతూ పోతుందంతే."

"మెరుగైందని దానికెలా తెలుస్తుంది?"

"ఎన్ని అరలు ఖాళీ అయ్యాయో చూసుకుంటుందిగా!"

"మరి అదేగా సార్ దాని కోరిక! నేనూ కొత్తలో కుట్టు బిగువు పెంచుకుంటూ పోయా. ఒక్క దారం ఊడితే ఒట్టు. పుస్తకం తెరుచుకుంటేనూ ఒట్టే."

అధికారి పుల్లతో పళ్ళు కుట్టుకుంటూ నవ్వాడు.

నాలుగో సోమవారం తుక్కు జాబితా వచ్చింది. ఆమె బల్ల మీదివన్నీ అందులో ఉన్నాయి. పిల్లలు నలిపేసిన కథలు, అట్ట ఊడిన నిఘంటువు, నేను నాలుగుసార్లు తీసుకెళ్ళిన యాత్రల పుస్తకం. నలుగురూ చదివితేనే పుస్తకం చినుగుతుంది. చినిగితేనే ఆమె బల్ల ఎక్కుతుంది. అక్కడున్న మూడు వారాలూ దాన్నెవరూ తీసుకెళ్ళరు. ఆ విశ్రాంతిని యంత్రం చావనుకుంది.

జిగురమ్మ పరుగున వెళ్ళి అధికారికి చెప్పింది.

"వచ్చేవారానికి అదే దిద్దుకుంటుందిలే" అన్నాడాయన.

దిద్దుకుంది. మూడు వారాలు ఆగడమెందుకని రెండు వారాలకే ఏరడం మొదలుపెట్టింది. జాబితా రెండింతలైంది. తుక్కు బండివాళ్ళు ఇటుకలు తోసేసి, పచ్చి జిగురుతో ఉన్నవాటిని ఉన్నట్టే గోనెల్లో కుక్కారు. పుటలు ఒకదానికొకటి అంటుకుని ముద్దలయ్యాయి. ఆ పులిసిన వాసన ఇప్పటికీ నా ముక్కును వదలలేదు. అధికారి మాత్రం ఖాళీ అరలకు ఫొటోలు తీసుకున్నాడు.

తరవాతి వారం వెన్ను వేలాడుతున్న పుస్తకమొకటి తీసుకెళ్ళి ఆమె బల్ల మీద పెట్టాను. నిప్పు తగిలినట్టు వెనక్కి నెట్టింది.

"ఇక్కడ పెట్టకు అన్నయ్యా! కుడితే చస్తుంది. చినిగినట్టే తీసుకుపో. తెచ్చివ్వు, మళ్ళీ తీసుకుపో."

"కాగితాలు రాలిపోతాయి కదమ్మా."

"రాలనీ. ఉంటుందిగా." గిన్నెలో జిగురు ఎండి పెచ్చులు కట్టింది. "చినిగినదాన్ని చేత్తో పట్టుకుని, కుట్టకుండా పంపుతున్నా. ఎంత పాడు పని చేయిస్తున్నారో చూడు. ఛీ!"

గుడ్డ తీసుకుని చేతులు తుడుచుకుంది. ఒకసారి కాదు, చాలాసేపు. ఆ రోజు ఆ చేతులకు జిగురే అంటలేదు.