పాలు పోసిన కూర, ఒక చేదు ముక్క

మా పెద్ద తోటికోడలు పోయిందని పటమట నుంచి వాళ్ళబ్బాయి ఫోన్ చేశాడు. మేం వెళ్ళేసరికే చుట్టాలు కుర్చీలు వేసుకుని, ఆవిడ గోవులాంటి మనిషనీ, ఎవరినీ పల్లెత్తు మాట అనలేదనీ చెప్పుకుంటున్నారు. పోయినవాళ్ళంతా మంచివాళ్ళేనంటారు, సరే. కానీ ఆవిడ చేత చీవాట్లు తినని మొహం అక్కడ ఒక్కటీ లేదు. నాకు ఒళ్ళు మండింది. ఆవిడ గోవు కాదు. ఆ కుర్చీల నిండా ఉన్నవి మాత్రం గొర్రెలే.

నేను కాపురానికి వచ్చింది డెబ్బైల్లో, భవానీపురం ఇంటికి. ఆవిడ అప్పట్లో కూచిపూడి దగ్గర ఊళ్ళో మా బావగారితో వ్యవసాయం చూసుకునేది. నేను అక్కయ్యా అని పిలిచేదాన్ని. మా మామగారు అప్పటికే లేరు. ఆయనకు పాలు పోసిన బీరకాయ కూరంటే ప్రాణమట. ఏటా ఆయన సంవత్సరీకానికి ఆ కూర వండి విస్తట్లో పెట్టాలి. అలా పెట్టేదాకా ఎవరూ రుచి చూడకూడదు, చూస్తే ఎంగిలి. ఇది మా అత్తగారి చట్టం.

బీరకాయల్లో ఎప్పుడో ఒకటి చేదుకాయ తగులుతుంది. పైకి తెలియదు, ముక్క నాలిక మీద పెట్టుకుంటేనే తెలుస్తుంది. ఆ మొదటి ఏడు వంట నాది. నాలిక మీద పెట్టుకోనివ్వలేదు. కూర విషమైంది. భోజనానికొచ్చిన పెద్దమనుషులు ఒక్కరూ నోరు విప్పలేదు. తలలు వంచుకుని మింగి, చేతులు కడుక్కుని, త్రేన్చి మరీ వెళ్ళారు. వాళ్ళు గడప దాటాక మా అత్తగారు, "దీని చెయ్యే చేదు" అంది. అంతే, ఆ ఏడాదంతా నన్ను పాలు తోడు పెట్టనివ్వలేదు, ఊరగాయ జాడీ ముట్టనివ్వలేదు. నా చెయ్యి చేదన్న మాట వీధిలోకి కూడా పాకింది. పేరంటానికి వెళితే పిండి కలపడానికి కూడా నన్ను పిలిచేవాళ్ళు కాదు. మా ఆయనా ఆ కూర తిన్నాడు. చేదు కాయదే గానీ నా చేతిది కాదని ఆయనకు తెలుసు. పేపరు మొహానికి అడ్డం పెట్టుకున్నాడు. ఆయన పౌరుషం ఆ కాగితం మందమే.

మరుసటేడు సంవత్సరీకానికి అక్కయ్య వచ్చింది. విషయం విని నన్ను ఓదార్చలేదు. "ఏడిసినట్టుంది మీ తెలివి" అని మాత్రం అంది, నన్ను కూడా కలిపి. ఊరి నుంచి తను తెచ్చిన సంచీ బోర్లించి, కత్తిపీట ముందు కూర్చుని, ఒక్కో కాయకీ ముచ్చిక దగ్గర చిన్న ముక్క కోసి నోట్లో వేసుకోవడం మొదలుపెట్టింది.

"ఎంగిలి చేస్తున్నావటే, పెద్దదానివై ఉండి" అంది మా అత్తగారు.

"మావగారు బతికున్నన్నాళ్ళూ చేదు తినలేదు గదత్తయ్యా. పోయినందుకు తినాలా?"

ఒక కాయ దగ్గర ఆవిడ మొహం మారింది. ఊసి, అదే కాయ నుంచి ఇంకో ముక్క కోసి మా ఆయనకు అందించింది. "ఇదిగో మరిదీ, నవులు. నీ పెళ్ళాం చెయ్యి ఈ సంచీ మీద పళ్ళేదు."

ఆయన నమిలి, పెరట్లోకి పరుగెత్తి ఊసి వచ్చాడు.

"ఎట్టా ఉంది?"

"చేదొదినా" అన్నాడు లోగొంతుతో.

"నాకు తెల్సు. మీ అమ్మకి వినపడేట్టు చెప్పు."

చెప్పాడు. మా అత్తగారు మడిచీర సర్దుకుంటూ వరండాలోకి వెళ్ళిపోయింది. అక్కయ్య గరిటె నా చేతికిచ్చి, పక్కన పీటేసుకుని కూర్చుంది. ముక్కలు వాటి నీళ్ళలోనే మగ్గి ఇగిరాక, మంట తగ్గించి, కాచిన చిక్కటి పాలు పోయించింది. చిటికెడు బియ్యప్పిండి, దించాక ఉప్పు, పైన పోపు. "ఉప్పుకి తొందరపడితే పాలు విరుగుతాయి. అప్పుడు నీ చెయ్యే అను, నేను గూడా అంటా" అంది. జీడిపప్పు నూరి పోసిన హోటలు కూరలంటే ఆవిడకు పరమ అసహ్యం. "అది కూరా, సినిమా పోస్టర్లు అతికించే జిగురా?" అనేది.

మర్నాటి నుంచి పాలు నేనే తోడు పెట్టాను. ఆవిడ చీవాట్లు నేనూ చాలా తిన్నాను, ఒక్కటీ మర్చిపోలేదు. కానీ నా చెయ్యి నాకు తిరిగి ఇప్పించింది ఆవిడే. ఆ ఇంట్లో ఇంకెవరికీ నేను అంత రుణపడి లేను.

మొన్న పెద్దకర్మ. చుట్టాలకు కేటరింగువాళ్ళు ఏదో తెల్లటి జిగురు వండారు. ఆవిడ విస్తట్లోకి మాత్రం పాలు పోసిన బీరకాయ కూర నేనే వండుతానన్నాను. కత్తిపీట ముందు కూర్చుని మొదటి ముక్క నోట్లో వేసుకున్నానో లేదో, "ఎంగిలి వదినా, తప్పు" అంది మా ఆడపడుచు. గుమ్మంలో గొర్రెలన్నీ తలలూపాయి. నేను రెండో కాయ కోశాను. ఆ తర్వాతి కాయల్లో ఒకటి చేదు. ఊశాను.

మా ఆయనకిప్పుడు కర్ర లేనిదే నడక లేదు. ఎవరూ పిలవకుండానే గుమ్మంలో వాళ్ళని తప్పించుకుంటూ వచ్చి, నా ముందు చెయ్యి చాపాడు. ముక్క ఇచ్చాను. నమిలాడు. "చేదు" అన్నాడు, వీధి గుమ్మం దాకా వినపడేట్టు. ఇన్నేళ్ళకు.

పాలు విరగలేదు. ఆవిడ విస్తట్లో మొదట ఆ కూరే వడ్డించాను. ఆకుపచ్చటి ఆకు మీద తెల్లటి పాలు నెమ్మదిగా అంచుదాకా పారుతుంటే, మా ఆయన వంగి, వేలితో ఆకు అంచు పైకెత్తి పట్టుకున్నాడు.