విప్పని బొమ్మల మావయ్య

కలెక్టర్ అవుదామని ఢిల్లీ చేరిన కాలంలో నేనెలా బతికానో ఇప్పుడు తలుచుకుంటే నాకే నమ్మబుద్ధి కాదు. కరోల్ బాగ్‌లో కోచింగ్ సెంటర్ల వెనక సందులో, మంచం వేస్తే తలుపు సగమే తెరుచుకునే గది నాది. కిటికీ ఉండేది గానీ అది పక్కింటి గోడవైపు తెరుచుకునేది. దేశంలోని నదులు, కమిటీలు, రాజ్యాంగ సవరణలు అన్నీ ఆ గోడకేసి చూస్తూనే కంఠస్థం చేశాను. (గోడకీ వచ్చేసే ఉంటాయి. అప్లికేషన్ పెట్టుకునే వీల్లేక ఆగిపోయింది పాపం.) ఫలితాలు వచ్చిన ప్రతిసారీ నా నంబరు తప్ప మిగతావన్నీ కనబడేవి. చలికాలంలో మంచో పొగో తెలియని బూడిదరంగు ఆకాశం మేడల మీదికి దిగిపోయి, మధ్యాహ్నం పన్నెండింటికి కూడా పొద్దుగూకినట్టే ఉండేది. వారమంతా నేను నోరు విప్పి మాట్లాడేది టీ కొట్టు భయ్యాతోనే. ఆయనా పెద్దగా జవాబిచ్చేవాడు కాదు. ఆదివారం మాత్రం మెట్రో ఎక్కి ద్వారకలో మావయ్య ఇంటికి వెళ్ళి, అత్తయ్య చేతి పులుసన్నం తిని, మళ్ళీ వారానికి సరిపడా మనిషినయ్యేవాణ్ణి.

మావయ్యంటే మా అమ్మకి పెద్దన్న. కాకినాడ మనిషి. ఎయిర్‌ఫోర్సులో హెలికాప్టర్లు బాగుచేసే పనిలో ఉండి, దేశంలో ఉన్న అన్ని ఎండల్లోనూ అన్ని చలుల్లోనూ తిరిగి, రిటైరయ్యాక ద్వారకలో ఒక సొసైటీలో ఫ్లాటు తీసుకున్నాడు. ఆ ఫ్లాటులో ఉన్నవి రెండు పడగ్గదులు. ఒకటి మావయ్యకీ అత్తయ్యకీ, రెండోది బొమ్మలకి. కీ ఇస్తే తిరిగే రేకు బొమ్మలు, బ్యాటరీ కార్లు, ఫైరింజన్లు, చప్పట్లు కొట్టే కోతులు అన్నీ గోడపొడుగునా అరల్లో ఉండేవి, కొన్ననాటి అట్టపెట్టెల్లో, కొన్నప్పటి టేపు కూడా ఊడకుండా. పెట్టె ముందున్న ప్లాస్టిక్ కిటికీలోంచి చూడాలే తప్ప విప్పకూడదు. ఏ ఊరికి బదిలీ అయినా అత్తయ్య వంటసామాను గోనెసంచుల్లో వెళ్ళేది, బొమ్మలు మాత్రం పరుపుల మధ్య పడుకుని ప్రయాణం చేసేవట. వాళ్ళమ్మాయి చిన్నప్పుడు అప్పడాలకర్రతో ఆడుకుని పెరిగింది. ఇప్పుడు బెంగళూరులో ఉద్యోగం చేస్తోంది, ఆ గదిలో అడుగుపెట్టదు.

"విప్పితే అది బొమ్మరా. విప్పకపోతే చరిత్ర," అనేవాడు మావయ్య.

"ఆడుకోడానికి పనికిరాని బొమ్మ ఉంటే ఎంత, లేకపోతే ఎంత," అనేది అత్తయ్య వంటింట్లోంచి. ఆ మాట ఆవిడ ఎన్నేళ్ళుగా అంటోందో గానీ, గొంతులో కోపం ఎప్పుడో అరిగిపోయి మాట ఒక్కటే మిగిలింది.

నేను వెళ్ళినప్పుడల్లా మావయ్య భుజం తట్టి, "మనింట్లో ఒక కలెక్టర్ ఇదివరకే ఉన్నాడురా, నువ్వు రెండోవాడివి," అనేవాడు. అది దీవెన అనుకుని మురిసిపోయేవాణ్ణి. (ఇద్దరిలో నిజంగా కలెక్టరైనవాడు ఆయనే.)

ఇలాంటి పిచ్చి ఉన్నవాళ్ళు నోయిడా, గుర్‌గావ్, ద్వారక కలిపితే ఒక సంఘానికి సరిపడా ఉన్నారని నాకప్పుడే తెలిసింది. దాని ప్రెసిడెంటు ఒక పంజాబీ పెద్దాయన. మావయ్య ఇంట్లో ఆయన పేరు మీసాల అంకుల్. కొన్న బొమ్మని కొన్నచోటే విప్పి, నేలమీద పరుగెత్తించి, రంగు ఊడితే ఊడిందని నవ్వే రకం. మావయ్య దృష్టిలో అది హత్యకి ఒక మెట్టు తక్కువ. వీళ్ళిద్దరూ కలిసినప్పుడల్లా వాదన ముదిరి టీలు చల్లారిపోతుంటే, చివరికి సంఘంవాళ్ళే ఒక ఆదివారం మావయ్యావాళ్ళ సొసైటీ కమ్యూనిటీ హాల్లో చర్చ పెట్టారు: బొమ్మని పెట్టెలో ఉంచాలా, విప్పాలా అని. మావయ్య హిందీ పరేడ్ గ్రౌండులో నేర్చుకున్నది. దాంట్లో ఆజ్ఞలు తప్ప వాదనలుండవు. అందుకని నన్ను పిలిచాడు.

"నువ్వెలాగూ వ్యాసాలు రాయడం నేర్చుకుంటున్నావుగా. బొమ్మలు నేను చూపిస్తాను. మన పక్షాన నువ్వు మాట్లాడు."

ఢిల్లీ వచ్చాక నా అభిప్రాయం అడిగిన మొదటి మనిషి ఆయనే. పొంగిపోయి, రాజ్యాంగం పక్కనపెట్టి బొమ్మల మీద కూర్చున్నాను. కానీ కోచింగ్ నన్ను అప్పటికే పాడుచేసింది. ఏ విషయం మీద రాసినా ఒకవైపు ఇలా, మరోవైపు అలా, కాబట్టి సమతూకం పాటించాలి అని ముగించడం తప్ప ఒక పక్షం వహించడం నాకు చేతకాదు. అద్దం ముందు నిలబడి పెట్టె పక్షాన మొదలుపెట్టి, మూడో వాక్యానికల్లా విప్పే పక్షంలోకి జారిపోయేవాణ్ణి. (అద్దంలో ఉన్నవాడు కూడా నన్ను నమ్మినట్టు కనబడలేదు.)

ఆ రోజు హాల్లో హీటరు పనిచేయలేదు. వచ్చినవాళ్ళు శాలువాలు కప్పుకుని, దగ్గుకుంటూ, సంతాపసభకి వచ్చినట్టు కూర్చున్నారు. మావయ్య బ్లేజరు వేసుకుని, బూట్లు మెరిపించుకుని వచ్చాడు. ఏరి తెచ్చిన పెట్టెల్ని బల్లమీద తనకి తెలిసిన వరసలో పేర్చుకున్నాడు. అన్నీ ఒకే సైజువి. ఆయన మంచినీళ్ళకి వెళ్ళినప్పుడు మీసాల అంకుల్ బల్లమీద టీ కప్పులకి చోటు చేస్తూ, పాపం మర్యాదగానే, వాటిని కాస్త అటూ ఇటూ జరిపాడు. నేను చూశాను. అందులో చెప్పాల్సిందేముంది అనుకున్నాను.

మావయ్య తిరిగొచ్చి బల్ల ముందు నిటారుగా నిలబడి, ఎడమ చివరన ఉన్న పెట్టె తీసి రెండు చేతులతో పైకెత్తాడు. అది ఆయనకి అన్నిటికన్నా ఇష్టమైన ఎర్ర హెలికాప్టర్ ఉండవలసిన చోటు.

"ఈ ఎరుపు చూడండి," అన్నాడు. "తయారైన రోజు ఎంత ఎరుపో నేటికీ అంతే. రెక్కమీద ఒక్క గీత లేదు. చెయ్యి తగల్లేదు, దుమ్ము తగల్లేదు."

పెట్టెలో ఉన్నది పసుప్పచ్చ బాతు. తలమీద నీలం టోపీ.

ముందు వరసలో ఎవరో కిసుక్కుమన్నారు. మావయ్య అది మెచ్చుకోలనుకుని ఇంకాస్త పైకెత్తాడు. "తోక దగ్గర పనితనం చూడండి," అంటూ పెట్టెని పక్కకి తిప్పి చూపించాడు. హాలంతా నవ్వింది. ఆయన కూడా వాళ్ళతోపాటు చిన్నగా నవ్వి, ఎందుకు నవ్వుతున్నారో తెలియక, కళ్ళు చికిలించి నావైపు చూశాడు. సరిగ్గా నావైపు కూడా కాదు. నా పక్కనున్న ఖాళీ కుర్చీవైపు.

నేను అత్తయ్యకేసి చూశాను. ఆవిడ నవ్వలేదు. ఆశ్చర్యపోలేదు కూడా. ఒళ్ళో పెట్టుకున్న చేతులకేసి తలవంచుకుని చూస్తోంది. కొన్నాళ్ళుగా మావయ్య కారు తీయకపోవడం, పెట్రోలు దండగ అనడం, టీ పోస్తే సాసర్లో పోయడం, అన్నీ అప్పుడు నాకు ఒక్కసారిగా అర్థమయ్యాయి.

ఎలా లేచానో తెలియదు. "మా మావయ్య కావాలనే ఇది చూపించారు," అన్నాను, నాకొచ్చిన హిందీలో. "పెట్టెలో హెలికాప్టర్ ఉందని ఆయన చెబితే మీలో ఎంతమంది పెట్టెలోకి చూశారు? విప్పని బొమ్మని మనం చూడం. ఉందని నమ్ముతాం, అంతే. లోపల ఏముందో మరిచిపోయి పెట్టెనే కాపాడుకుంటూ ఉంటాం. అది చెప్పడానికే ఆయన మీ ముందు నవ్వులపాలయ్యారు." ఇంకా ఏదేదో అన్నాను. జీవితంలో మొదటిసారి సమతూకం లేకుండా మాట్లాడాను, అదీ ఎదుటి పక్షాన.

జనం చప్పట్లు కొట్టారు. మీసాల అంకుల్ లేచొచ్చి మావయ్యని కావలించుకుని, "క్యా బాత్ హై, భాయీసాబ్, క్యా బాత్ హై," అన్నాడు. (హిందీలో అది మెచ్చుకోలు. ఆ పూట నా తెలుగు చెవికి మాత్రం మరోలా వినబడింది.) మావయ్య ఆ కౌగిలిలో కర్రలా నిలబడ్డాడు.

వాళ్ళ బ్లాకు హాలుకి దూరం. పెట్టెలతో నడవలేక సొసైటీ గేటు దగ్గర ఈ-రిక్షా ఎక్కాం.

"నువ్వు వాళ్ళ పక్షాన మాట్లాడావేమిట్రా?" అన్నాడు మావయ్య.

నేను ఒళ్ళోని పెట్టెలు సర్దుకున్నాను. ఆయనే మళ్ళీ అడిగాడు.

"నేను ఎత్తి చూపించిందేమిటి?"

"బాతు, మావయ్యా. పసుపుది."

"టోపీ ఉందా?"

"ఉంది."

"అది మీ అత్తయ్య కొన్నది," అన్నాడు. "బాగా నవ్వారా?"

"కొంతమంది."

"ఏడాదిబట్టీ డాక్టరు దగ్గరికి పోదామంటున్నాను," అంది అత్తయ్య రోడ్డుకేసి చూస్తూ. "అద్దాలు మారిస్తే చాలంటారు."

"ఇంట్లో ఏది ఎక్కడుందో నాకు తెలుసు కదా," అన్నాడు మావయ్య. "చూడాల్సిన పనేముంది?"

డాక్టరు నీటికాసులన్నాడు. పోయిన చూపు రాదని, ఉన్నది కొంతకాలం నిలవడానికి చుక్కల మందు వేసుకోవాలని చెప్పాడు. మావయ్య పూటకి ఎన్ని చుక్కలో మాత్రం అడిగి లేచొచ్చాడు. ఆ తర్వాత చాలా వారాలు బొమ్మలగదిలోకి వెళ్ళలేదు. నేను వెళ్ళినప్పుడల్లా బాల్కనీలో కూర్చుని ఉండేవాడు. భుజం తట్టడం కూడా మానేశాడు. అత్తయ్య పులుసు రుచి మారలేదు గానీ మా ముగ్గురికీ సయించేది కాదు.

ఒక ఆదివారం వెళ్ళేసరికి ఆ గదిలో నేలమీద బాసింపట్టు వేసుకుని కూర్చున్నాడు. చుట్టూ పెట్టెలు.

"ఆ కిటికీల మీద వేళ్ళు పెడితే అన్నీ ఒకటేరా," అన్నాడు. "హెలికాప్టరూ ప్లాస్టిక్కే, బాతూ ప్లాస్టిక్కే. కత్తెర ఇలా పడెయ్."

టేపు అంచు ఆయన వేళ్ళకి దొరకలేదు. నేను చెయ్యి చాపితే "ఆగరా," అన్నాడు. అత్తయ్య గుమ్మంలో నిలబడి, ఆయన తడుముకున్నంతసేపూ చూసింది. చివరికి టేపు ఎండిన ఆకులా పొడిపొడిగా రాలింది. ఆయన హెలికాప్టర్‌ని బయటికి తీసి అరచేతిలో పెట్టుకుని అలాగే ఉండిపోయాడు.

"ఏమిటింత తేలిగ్గా ఉంది? ఇన్నేళ్ళూ ఇది బరువనుకున్నాను."

కీ ఇచ్చాడు. రెక్క సగం తిరిగి ఆగిపోయింది. ఆ రోజంతా ఒక్కోటీ విప్పుతూ పోయాం. కార్ల రబ్బరు టైర్లు కరిగి అట్టకి అతుక్కుపోయాయి. కోతి లోపల బ్యాటరీ కారి తెల్లటి పొడి కట్టింది. అత్తయ్య దాన్ని పేపరు మీదికి దులిపి, బయట పారేసి వచ్చింది. మేమంతా భద్రంగా ఉన్నాయనుకున్నవి లోలోపల ఎప్పుడో పోయాయి. టోపీ బాతు ఒక్కటే, కీ ఇవ్వగానే, టకటకమంటూ గదికి అడ్డంగా నడిచి మంచం కోడుకి గుద్దుకుని అక్కడే కాళ్ళాడిస్తూ నిలబడింది. మావయ్య తల పక్కకి వంచి ఆ చప్పుడు ఆగేదాకా విన్నాడు.

"హెలికాప్టర్ ఇంకా ఎర్రగానే ఉందా?" అని అడిగాడు.

"ఎర్రగానే ఉంది మావయ్యా," అన్నాను. అది కిటికీవైపు ఎండకి వెలిసి గులాబీరంగులోకి తిరిగి చాలాకాలమై ఉంటుంది. అత్తయ్య నావైపు ఒకసారి చూసి వంటింట్లోకి వెళ్ళిపోయింది.

ఆ పరీక్ష నేను చివరికీ గట్టెక్కలేదు. ఇప్పుడు నోయిడాలో ఒక వార్తల ఛానల్ ఆఫీసులో, టీవీ తెర అడుగున పరుగెత్తే వాక్యాలు రాస్తుంటాను. వాటిని ఎవరూ చివరిదాకా చదవరు. ఆదివారాలు మెట్రోలో ఈ చివర్నుంచి ఆ చివరికి ద్వారక వెళతాను. మావయ్యకి ఇప్పుడు వెలుగూ చీకటీ తేడా మాత్రమే తెలుస్తుంది. మిగిలిన బొమ్మల్ని పొద్దున్నే ఒళ్ళో పెట్టుకుని, ఊడదీసి, తడుముకుంటూ నూనె వేసి మళ్ళీ బిగిస్తుంటాడు. సగం బిగుస్తాయి, సగం బిగవవు. పెట్టెలో ఉంచడం మంచిదా విప్పడం మంచిదా అని సంఘంవాళ్ళు ఇప్పటికీ నన్ను అడుగుతారు, నేనేదో పెద్ద వక్తనన్నట్టు. నేను ఒకవైపు ఇలా, మరోవైపు అలా అని మొదలుపెడతాను. వాళ్ళే లేచిపోతారు.

మొన్న ఆదివారం ఫైరింజను చక్రం ఒకటి మావయ్య చేతిలోంచి జారి దివాన్ కిందికి దొర్లిపోయింది. దాని కోసం నేలమీద బోర్లా పడుకుని, పొట్ట అడ్డం వచ్చి సగమే దూరి, దుమ్ములో చెయ్యాడిస్తున్నాను. ఒకప్పుడు జిల్లాలు ఏలుదామనుకున్నవాణ్ణి తలుచుకుంటే నవ్వొచ్చింది. ఆ నవ్వుకి దుమ్ము ముక్కులోకి పోయి దగ్గొచ్చింది.

"దొరికిందా?" అన్నాడు పైనుంచి మావయ్య.

"ఇంకా లేదు మావయ్యా."

"సరేలే, మెల్లిగా వెతుకు," అన్నాడాయన. "అత్తయ్యని టీ పెట్టమంటాను."