వదిన మంటను నేను తగ్గించి చెప్పాను

పోయిన సోమవారం పొద్దున సన్నీవేల్‌లో ఆఫీసుకు బయలుదేరుతుంటే దేశం ఆ కొసనున్న పిస్కాటవే నుంచి అన్నయ్య ఫోన్ చేశాడు. "వదిన ఇక లేదమ్మా" అన్నాడు. ఊపిరితిత్తుల్లో నిమ్ము చేరిందట. నాలుగు రోజులు కూడా పట్టలేదు. ఆమెకు నలభై ఆరేళ్లు.

పదేళ్ల కిందట, డెబ్బయ్యో దశకం చివర్లో, నేను వాళ్లింట్లోనే ఉండి చదువుకున్నాను. పరీక్ష రోజున వదిన నా తల మీద చెయ్యి పెట్టి ప్రార్థన చేసేది. మధ్యలో కళ్లు తెరిచి, "పెన్ను పెట్టుకున్నావా?" అని అడిగి, మళ్లీ కళ్లు మూసుకునేది.

ఆ రోజుల్లోనే ఆమెకు అడుగు తడబడటం మొదలైంది. మల్టిపుల్ స్క్లెరోసిస్ అన్నారు. నరాల మీది పొరను తినేసే జబ్బు. తడబడే నడక అందరికీ కనబడేది. కాళ్లలో ఎప్పుడూ రగిలే మంట మాత్రం ఎవరికీ కనబడేది కాదు. చర్చిలో ఎవరైనా "బాగానే ఉన్నావే" అంటే, "పౌడరు బాగా రాసుకున్నానులెండి" అని నవ్వేది.

అన్నయ్యకు ఫ్యాక్టరీలో పగటి షిఫ్టు. హాస్పిటల్‌కి నేనే డ్రైవ్ చేసి తీసుకెళ్లేదాన్ని. ఆమె తెలుగులో చెప్పింది డాక్టరుకు ఇంగ్లిష్‌లో చెప్పేదాన్ని.

"కాగే నూనెలో కాళ్లు పెట్టినట్టుందని చెప్పమ్మా" అనేది వదిన.

"కాస్త తిమ్మిరిగా ఉందట" అనేదాన్ని నేను.

ఈ జబ్బులో నొప్పి ఉండదని ఆ డాక్టరు మొదటిరోజే తేల్చేశాడు. ఆయన ముందు నూనె, నిప్పు అంటే గోరంతను కొండంత చేస్తున్నామనుకుంటాడని నాకు సిగ్గు. నిజం చెప్పాలంటే నేనూ సగమే నమ్మాను. రెండేళ్లు అలాగే చెప్పాను. ఆ రెండేళ్లూ ఆమె మంటకు మందు లేకుండానే ఇంటికి తిరిగొచ్చింది.

ఒకసారి ఆయన బదులు కొత్తగా ఒక డాక్టరమ్మ వచ్చింది. నేను అలవాటుగా "లిటిల్ టింగ్లింగ్" అన్నాను. వదిన నా చెయ్యి పట్టుకుని ఆపింది.

"నో, డాక్టర్. లిటిల్ కాదు. ఫైర్. డే, నైట్, ఫైర్."

డాక్టరమ్మ పెన్ను కింద పెట్టింది. దూదిముక్క పాదానికి అలా తగిలించిందో లేదో, వదిన కెవ్వుమంది. "ఇన్నాళ్లూ ఎవరూ చెప్పలేదేం?" అంటూ ఆవిడ నావైపు చూసింది. తల దించుకున్నాను. ఆవిడ రాసిచ్చిన మాత్రలతో మంట పోలేదు. కాని వదినకు రెండు మూడు గంటలైనా కన్నంటుకునేది.

ఆ రోజు తిరిగొస్తూ కారులో ఏడ్చాను. "నేను తగ్గించి చెబుతున్నానని నీకు తెలుసా వదినా?"

"మొదట్లో మంటని ఇంగ్లిష్‌లో అలాగే అంటారేమో అనుకున్నానమ్మా. టీవీలో పిల్లల ప్రోగ్రాములు చూసీ చూసీ లిటిల్ అంటే ఏంటో తెలిసింది. తగ్గించి చెబితే నొప్పి తగ్గదు. చెప్పేవాళ్లకే తేలిక" అంది.

మళ్లీ ఎన్నడూ ఆ మాట ఎత్తలేదు. తర్వాతిసారి హాస్పిటల్‌కి కూడా నన్నే రమ్మంది. అప్పటినుంచి ఆమె మాట ఒక్కటీ మార్చలేదు నేను. ఆ పోయిన రెండేళ్లు మాత్రం ఆమెకు తిరిగివ్వలేకపోయాను.

గురువారం సమాధి కార్యక్రమానికి ముందు చర్చి ఆడవాళ్లు ఆమెకు తెల్లచీర కట్టి, పైన తెల్లటి దుప్పటి పాదాల దాకా కప్పబోయారు. అన్నయ్య గబగబా ముందుకొచ్చాడు.

"అక్కడ వద్దమ్మా. తగిలితే తను ఓర్చుకోలేదు."

దుప్పటి అంచును రెండు చేతులతో పైకెత్తి, ఆమె పాదాలకు తగలకుండా, అన్నయ్య అలాగే పట్టుకుని నిలబడ్డాడు.