బస్సు నెట్టిన పిల్ల

నా చిన్నప్పుడు నన్నొకసారి ఎత్తుకుపోయారు. అడవులూ రథాలూ యుద్ధాలూ ఉన్న పెద్ద కథ చెబుతానని సర్దుకుని కూర్చోకండి. ఎత్తుకుపోయింది మా మేనమామ. చిత్తూరు నుంచి పలమనేరుకు, బస్సులో. యుద్ధం ఒకటి ఉండేది కానీ అది ఎక్కడో సీమదేశాల్లో. దానివల్ల పెట్రోలు దొరక్క మా బస్సు బొగ్గుతో నడిచేది.

మామ మాకు తోలిచ్చిన పాడి ఎనుము పాలివ్వడం మానేసింది. నాయన ఆ కోపం ఎనుము మీద చూపలేక మామ మీద చూపించి, రాకపోకలు మాన్పించాడు. పలమనేరులో ఉండే వాళ్లమ్మ, మా అవ్వ, నామీద బెంగపెట్టుకుందని మామ బడి దగ్గరికే వచ్చి నన్ను తీసుకుపోయాడు. మర్నాడే నాయన నన్ను వెనక్కి లాక్కొచ్చాడు. మామను జైల్లో వేయించాలని, ఇంగ్లీషులో అర్జీ రాయించడానికి పక్కింటి అయ్యవారి ముందు కూర్చున్నాడు.

అయ్యవారు 'అబ్డక్ట్' అని రాసి ఆగారు. "ఊరికే తీసుకుపోతే రాసే మాట కాదప్పా ఇది. బలవంతం చేసో, మోసం చేసో, ఇష్టం లేకుండా తీసుకుపోయింటేనే రాయాల. పాపనే అడుగుదాం."

ఒక్క మాట తప్పినా మామ మళ్లీ కనబడడని నాకు తెలుసు.

"మీ మామ యాడికని చెప్పినాడు పాపా?"

"అవ్వ దగ్గిరికని."

"పోయింది యాడికి?"

"అవ్వ దగ్గిరికే."

"మొగిలి ఘాట్లో బస్సు ఎక్కలేక అందురూ దిగి నెట్టింటారే. నువ్వేం చేసినావు?"

"నేనూ నెట్టినా."

అయ్యవారు నాయన వైపు తిరిగారు. "తన్నెత్తుకపోయే బస్సును తానే నెట్టిన పిల్లను నేను యాడా సూడలేదప్పా. మరి ఏడ్సలేదా పాపా?"

"ఏడ్సినా. నాయన ఎనక్కి తీసుకొచ్చేటప్పుడు. దారి పొడుగునా."

అయ్యవారు నిదానంగా కలం సిరాలో ముంచారు. "మాట సరిగానే ఉండాది. పేరే మార్చాల. మీ బామ్మర్దిది కొట్టేసి నీది రాసేదా?"

నాయన ఆ కాగితం తీసుకుని నాలుగు మడతలు పెట్టాడు. "పాలియ్యని ఎనుము మీద అర్జీ రాసేదానికి మాటేమన్నా ఉండాదా సామీ?" అన్నాడు.

ఆ అయ్యవారి దగ్గర తర్వాత ఎన్నో ఇంగ్లీషు మాటలు నేర్చుకున్నాను, సగానికి సగం మరిచాను. ఇది మాత్రం మిగిలింది. ఎవరు ఎవరిని తీసుకుపోయారని ఊరు గోలపెట్టినా, ఆ మనిషి పోయేటప్పుడు ఏడ్చిందా, తిరిగొచ్చేటప్పుడా అని అడగడం నాకు ఇప్పటికీ అలవాటు.

ఆ ఆదివారం నాయనే నన్ను పలమనేరుకు బయల్దేరదీశాడు. ఘాట్లో ఇద్దరం పక్కపక్కన నిలబడి నెట్టాం. బస్సు కదల్లేదు. బొగ్గు తడిసిందట. దానిమీద అర్జీ రాయించాలని మాత్రం నాయన అనలేదు.