గడ్డికి కొట్టిన మందు

తొలకరి ఉరుములకి పుట్టగొడుగులు లేచాయంటే వెంకటేశ్వరమ్మ గుమ్మం ముందు ఎవరో ఒకరు వాటిని కొంగులో పోసుకుని నిలబడాల్సిందే. మిరప చేలల్లో కలుపు తీసి తీసి అరిగిపోయిన గోళ్లతో ఆమె ఒక్కోదాన్నీ తిప్పి చూసేది. గొడుగు నడుమ మొన తేలి, కాడ కింద తోకలాంటి వేరుంటేనే అది చెదలపుట్టలోంచి వచ్చిన అసలుది. ఆపైన వాసన చూసి, "వండుకో అమ్మా" అనేది. నలభై ఏళ్లలో ఆ మాట తప్పు కాలేదు.

నిరుడు బాపయ్య తన పత్తిచేను గట్టు మీదవి తెచ్చాడు. వేర్లు జానెడున్నాయి. "నిక్షేపంగా తినండి" అంది. తిన్న పూటే ఇంటిల్లిపాదికీ వాంతులు. ఆస్పత్రి నుంచి వచ్చి వీధిలోనే కేకలేశాడు. "కళ్లు కనపడకపోతే కనపడవని చెప్పొచ్చుగా పిన్నీ! అందర్నీ చంపేదానివి!"

"గట్టు మీద ఏమన్నా కొట్టావా నాయనా?"

"గడ్డి మందు కొట్టా. అయితే ఏంటంట? అది గడ్డికి కొట్టింది, పుట్టగొడుగులకి కాదుగా!"

ఆమెకి అంతా అర్థమైంది. ఊరు మాత్రం బాపయ్య మాటే విన్నది.

ఈ ఏడు గుమ్మంలోకి ఎవరూ రాలేదు. మొన్న కూలికెళ్లిన చేలో ఆమెకే కనిపించాయి. వేరు చూద్దామని వంగి, చుట్టూ మాడిన గడ్డి చూసి ఆగింది. కాలితో మట్టి తోసి కప్పేసింది. వెనక సాలులో కలుపు తీస్తున్న నాగజ్యోతి పక్కామెతో పైకే అంది: "తనకెటూ తెలియట్లేదు, మనకైనా దక్కనివ్వదే ముసల్ది!"

వెంకటేశ్వరమ్మ ఆ మట్టిని ఇంకోసారి గట్టిగా తొక్కి, తన సాలులోకి పోయి కూర్చుంది.